పెట్టెలేని వ్యాను

మే 12, సోమవారం

నిన్న వ్యాను మళ్ళీ ఆగిపోయింది. పైన్ తోటల మలుపులో, సరిగ్గా పోయినసారి ఆగినచోటే. వెనక పాటబృందం ఆడవాళ్ళు ఐదుగురు, గుడికి కట్టే చాపలు నడుముకు చుట్టుకుని, ఒకరు ఊపిరి తీస్తే ఇంకొకరు వదలాల్సినంత ఇరుకులో కూర్చున్నారు. నా చేతిలో బైబిలు, బైబిల్లో ప్రసంగం. అంశం పదిమంది కన్యకలు: ఎప్పుడు పిలుపొచ్చినా సిద్ధంగా ఉండుట.

పెద్దావిడ వైసిమా కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇసిలేలీ, ఇంకో పాట పాడితే కదులుతుందా, లేక దిగమంటావా?" అంది.

పాడారు. కదల్లేదు. దిగి తోశారు. అప్పుడూ కదల్లేదు. మళ్ళీ పాడుకుంటూ ఇంటిదారి పట్టారు. పక్కూరు హౌమా సంఘం గంటసేపు ఎదురుచూసి, ఎవరో ప్రార్థన చేస్తే ఇళ్ళకు పోయారట.

ఈ పొద్దున సూపరింటెండెంటు పాస్టరుగారు పిలిచారు. ఆయన కోపగించుకోరు, అదే బాధ. ప్రసంగాల పట్టిక విప్పి నా పేరు మీద వేలు పెట్టారు. "రెండుసార్లు తప్పింది, ఇసిలేలీ. మూడోసారి కూడా తప్పితే పేరు తీసేయాలి. అందరికీ ఉన్న నియమమే." జూన్ ఒకటిన హౌమాలో మళ్ళీ నా వంతు.

సెమినరీ మొహం చూడనివాణ్ని. కొబ్బరి ఎండబెడుతూ, పొగలో కళ్ళు నలుపుకుంటూ, వాక్యం చదివినవాణ్ని. పాతికేళ్ళుగా ఆ పట్టికలో నా పేరుంది. అందులో లేకపోతే నేనెవరో నాకే తెలియదు.

ఆ వ్యానుకు నేనేం తక్కువ చేశాను? ఉప్పుగాలి తగలకుండా ప్రతి శనివారం తీగలన్నిటికీ కొబ్బరినూనె రాశాను. అహరోను గడ్డం మీదుగా తైలం ఎలా కారిందో అలా, తల నుంచి అంచు దాకా. మంచి నూనె, నా భార్య లుపె తలకు రాసుకునే నూనె.

మే 13

దోషం దొరికింది. పెట్టె.

ముందు సీటు కింద ఒక ఇనప పెట్టె ఉంది. దానిలో కంప్యూటరు. ఇంజనుకు ఎప్పుడెంత పెట్రోలు పోయాలో అదే చెబుతుందట. చేత్తో విప్పలేం, కంటితో చూడలేం, సుత్తితో తడితే మాట వినదు. అది ఇవ్వనంటే పెట్రోలు లేదు. కళ్ళుండీ చూడనివీ చెవులుండీ విననివీ విగ్రహాలేనని కీర్తనకారుడు ముందే చెప్పాడు.

నా బామ్మర్ది ఫోలౌ పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. "పాత ట్రక్కు కార్బురేటరు నా దగ్గరుంది బావా. గోనెలో చుట్టి దాచాను. నీ బండిది కూడా ఆ జాతి ఇంజనే. ఆ పెట్రోలు చిమ్మే సరంజామా అంతా పీకేసి ఇది కూర్చోబెడదాం. ఒక గిన్నె, ఒక తేలుడు బిళ్ళ, ఒక సన్నని రంధ్రం. అంతే. మా అమ్మమ్మ కూడా బాగుచేస్తుంది దాన్ని" అన్నాడు.

చేతిలోకి తీసుకున్నాను. బరువుగా, చల్లగా, నిజాయితీగా ఉంది. సౌలు కవచం తొడిగించబోతే దావీదు వద్దని వడిసెల పట్టుకున్నాడు. ఇది నా వడిసెల.

మే 14

కీళ్ళవాతం. కుడి పాదం పెండలం దుంపలా ఉంది. హౌమాకు నడిచి పోవచ్చుగా అనే మాట ఇంట్లో ఎవరూ ఎత్తకుండా దేవుడే ఏర్పాటు చేశాడు.

మే 16, శుక్రవారం

సాయంత్రం కావా వేరు కలిపిన పానీయం గిన్నె చుట్టూ కూర్చున్నాం. కార్బురేటరు సంగతి ఊరంతా తెలుసు. ఫోలౌ నోరది.

ఒకడు, "ఆ తీగలేవో సరిచేయించుకుంటే సరిపోదా?" అన్నాడు.

"తీగలు ఎన్నున్నాయో తెలుసా?" అన్నాడు ఫోలౌ. "నీ పెళ్ళాం జుట్టులో అన్ని లేవు."

"నా పెళ్ళాం జుట్టుకు చిక్కు తీసేది నేనే. కత్తిరించి పారేయను."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. హౌమా నుంచి కబురొచ్చింది: ఒకటో తారీఖున వాళ్ళ పికప్ పంపుతారట. అక్కర్లేదని చెప్పి పంపాను. బోధకుణ్ణి గొర్రెపిల్లలా ట్రక్కు వెనక ఎక్కించుకుపోతే వాక్యానికి ఏం విలువ?

మే 18, ఆదివారం

సాయంత్రపు ఆరాధనలో నా వంతు, మా ఊళ్ళోనే. అగ్ని దిగింది. కర్మెలు కొండ మీద ఏలీయా, బయలు అనే అబద్ధపు దేవుడి ప్రవక్తలు. వాళ్ళు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అరిచినా బయలు పలకలేదు కదా. నేను కూడా పైన్ తోటల మలుపులో ఒక పెట్టెను పిలిచి పిలిచి చూశానన్నాను. అది నిద్రపోతోందా, ప్రయాణంలో ఉందా అన్నాను. జనం ఊగిపోయారు. ఆ ఊపులో, జూన్ ఒకటిన పెట్టెలేని వ్యానులో హౌమా గుడి ముందు దిగుతానని, దిగకపోతే నా పేరు పట్టికలోంచి నేనే చెరిపేసుకుంటానని బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పాను.

ఇంటికొచ్చాక లుపె లూ ఆకుపొట్లం విప్పుతూ, "యెఫ్తా కూడా ఇలాగే మొక్కుకుని కూతుర్ని పోగొట్టుకున్నాడు" అంది. బచ్చలిలా ఉడికిన చేమాకు, కొబ్బరిపాలు, డబ్బా మాంసం. బాగుంది. తినబుద్ధి కాలేదు.

మే 19

ఫోలౌ పాత సరంజామా విప్పాడు. పారేయమన్నాను. లుపె ఎలుకల గురించి ఏదో అంటోంది, వ్యాను షెడ్లో ఎలుకలు ఎక్కువయ్యాయని. ఆడవాళ్ళకు ఎప్పుడూ ఎలుకల గోలే.

మే 21

కార్బురేటరు కూర్చుంది. తాళం తిప్పాం.

మోషే బండను కొట్టినప్పుడు నీళ్ళు ఎలా వచ్చాయో ఈ రోజు నా కళ్ళారా చూశాను. పెట్రోలు గిన్నె మూతలోంచి, పక్కలోంచి, పైకి ఫోలౌ గడ్డం దాకా. ఫోలౌ అరుస్తూ పరిగెత్తాడు, కోళ్ళు ఇంకోవైపు పరిగెత్తాయి. దేవుడి దయవల్ల ఎవరి నోట్లోనూ సిగరెట్టు లేదు.

ఈ వ్యాను పంపు చాలా బలంగా తోస్తుందట. కార్బురేటరుకు అంత ఒత్తిడి పనికిరాదట. ఇది నిన్న ఎందుకు చెప్పలేదని అడిగితే, "పడవలకు పంపుండదు బావా, పైన డబ్బా ఉంటుంది" అన్నాడు.

మే 22

పైన డబ్బా పెట్టాం. వ్యాను కప్పు మీద ప్లాస్టిక్ డబ్బా, తాళ్ళతో కట్టి, గొట్టం కిందికి. పరలోకం నుంచి మన్నా దిగినట్టు పెట్రోలు దానంతటదే దిగుతోంది. పంపు లేదు, ఒత్తిడి లేదు. చూడటానికి కొంచెం గుడి కప్పు మీద కూర్చున్న పందిలా ఉందని వైసిమా అంది. ఉంటే ఉండనీ.

మే 23

పెట్రోలు ఉంది. గాలి ఉంది. నిప్పు లేదు.

ఫోలౌ ప్లగ్గు విప్పి ఇంజనుకు ఆనించి పట్టుకుని తిప్పమన్నాడు. మెరుపు లేదు. చాలాసేపు తల గోక్కున్నాడు. చివరికి నా వంక చూడకుండా, "నిప్పు కూడా పెట్టె చేతుల్లోనే ఉంది బావా" అన్నాడు.

పెట్టె పీకేశామనుకుంటే అది ఇంకో గుమ్మంలోంచి లోపలికొచ్చింది. వెళ్ళగొట్టిన దయ్యం మరో ఏడుగుర్ని తోడు తెచ్చుకున్నట్టు.

పాత రకం డిస్ట్రిబ్యూటరు ఒకటి దొరికితే పెట్టెతో పనిలేకుండా నిప్పు వస్తుందట. ఎక్కడో చెడిపోయిన బండి ఒకటుందట, చూస్తానన్నాడు. ఒకటో తారీఖుకు ఇంకా తొమ్మిది రోజులే. డిస్ట్రిబ్యూటరు దొరికిన వెంటనే ఆ తీగలన్నీ కత్తితో కోసి సముద్రంలో పారేస్తాను.

మే 25, ఆదివారం

వెనక ఇంట్లో ఉండే మా అక్క దగ్గర్నుంచి లుపె ద్వారా కబురు. మా ఆచారం ప్రకారం అక్కా తమ్ముళ్ళం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోం కాబట్టి మా ఇద్దరి మాటలూ లుపె నోటిగుండానే నడుస్తాయి, నడిచేటప్పుడు కొంచెం ఉప్పూ కారం కలుస్తాయి. అక్క కూతురు పిసిలా మంగళవారం పడవలో వస్తోందట. పెద్ద దీవిలో మోటారు బళ్ళ కరెంటు పని చేస్తుంది, ఏడేళ్ళుగా. "నా తమ్ముడి వ్యాను చూసిపొమ్మని పంపిస్తున్నాను" అని అక్క అందట.

చూసేదేముంది? బండి సగం అయిపోయింది.

మే 27, మంగళవారం

పిసిలా వచ్చింది. చేతిలో పనిముట్ల సంచి, తలలో చిన్న పిన్నులు, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు. వచ్చీరాగానే కప్పు మీది డబ్బా వంక చూసింది.

"మావయ్యా, అది దేనికి?"

"పెట్రోలుకు."

"వాన పడితే?"

"మూత ఉంది."

"బ్రేకు వేస్తే?"

ఫోలౌ డబ్బా తాళ్ళు ఇంకొంచెం బిగించాడు.

లోపల కూర్చుని, స్టీరింగు వెనక నేను అతికించిన ఆదివారపుబడి బొమ్మను గోటితో గీకి తీసింది. కింద పసుపు దీపం. ఎన్నాళ్ళనుంచి వెలుగుతోందని అడిగింది. క్రిస్మస్ నుంచి అన్నాను, కళ్ళలో పడుతోందని మూశానన్నాను.

"దారిలో ప్రమాదముందని బిలాము గాడిద మాట్లాడితే నువ్వు దాని మూతికి పటం కట్టావన్నమాట" అంది. వాక్యం బాగానే చదువుకుంది.

తలలోంచి ఒక పిన్ను తీసి ఇంజను పక్కన చిన్న డబ్బీలో రెండు రంధ్రాలను కలుపుతూ గుచ్చింది. తాళం తిప్పింది. ఆ పసుపు దీపం కన్నుకొట్టడం మొదలుపెట్టింది. ఆగి, మళ్ళీ, ఆగి, మళ్ళీ. పిసిలా వేళ్ళ మీద లెక్కపెట్టింది; ఎన్నిసార్లు కొడితే ఆ జబ్బట. "ఇంజను తిరుగుతోందన్న కబురు పెట్టెకు చేరడం లేదు. కబురు చేరకపోతే అది పెట్రోలూ ఇవ్వదు, నిప్పూ ఇవ్వదు. దాని తప్పేం లేదు మావయ్యా. నిద్రపోయేవాడికి అన్నం పెడతామా?"

తర్వాత తీగల కట్ట మీద తల వంచి చాలాసేపు ఉంది. ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. వాసన చూసింది.

"దీనికి కొబ్బరినూనె ఎవరు రాశారు?"

ఫోలౌ నా వంక చూశాడు. నేను సముద్రం వంక చూశాను. ఉప్పుగాలి ఉన్న ఊళ్ళో తీగలకు ఏదైనా అంటుకోవచ్చన్నాను. అది అబద్ధం కాదు.

"సరే" అంది. మూడున్నర తీగలు ఎలుకలు కొరికేశాయని మాత్రం చెప్పింది. మూడు పూర్తిగా, ఒకటి సగం. గతుకులో ఆ సగం తెగుతుంది, మళ్ళీ కలుస్తుంది. పైన్ తోటల మలుపు, గతుకు.

"పాత సరంజామా తిరిగి పెట్టి ఈ నాలుగు తీగలు కొత్తవి వేస్తే శనివారానికి నడుస్తుంది మావయ్యా."

పారేయించానన్నాను. పెట్టె ఈ వ్యానులో ఉండదన్నాను. గుడిలో మాట ఇచ్చానన్నాను.

మే 28

అది అబద్ధం కాదు. క్రీస్తును ఎరగనన్న పేతురు కూడా కోడి కూసేదాకా అబద్ధమని అనుకోలేదు.

మే 28, అదే రోజు

ఫోలౌ డిస్ట్రిబ్యూటరు తెచ్చాడు. పిల్లి మీసాల్లా తుప్పు వేలాడుతోంది. ఇది పనిచేస్తుందా అంటే, "చేయొచ్చు బావా" అన్నాడు. పడవ వాళ్ళు ఆ మాట అంటే ఈత వచ్చినవాళ్ళే ఎక్కాలి.

అయినా కత్తి నూరి షెడ్డుకు వెళ్ళాను. మొత్తం కట్ట ఒక్క దెబ్బకు తెగిపోవాలి, ఆ తర్వాత వెనక్కి తిరగడం ఉండకూడదు. కత్తి ఎత్తాను. పిసిలా గుమ్మంలో నిలబడి ఉంది.

కొత్త చాప చుట్టుకుని ఉంది. పనిబట్టలు కాదు, గుడికి వెళ్ళేటప్పుడు కట్టే మంచి చాప. చేతులు రెండూ ముందు కట్టుకుని, తల వంచి, ఎప్పుడూ లేనంత మర్యాదగా అడిగింది.

"మావయ్యా, ఈ వ్యాను నాకు కావాలి."

ఫోలౌ చేతిలోని డిస్ట్రిబ్యూటరు నేలమీద పడింది.

అక్క పిల్లలు అడిగితే ఇవ్వాలి. పంది అడిగితే పంది, పడవ అడిగితే పడవ. నేను దానికి మేనమామను; మేనమామను మేం మగతల్లి అంటాం. తల్లి లేదనకూడదు. మా నాన్న తన అక్క కొడుక్కి గోడ మీది గడియారం ఇచ్చి ఆ తర్వాత పదేళ్ళు సూర్యుణ్ణి చూసి టైము చెప్పాడు. ఈ పిల్ల ఇరవయ్యారేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను ఏదీ అడగలేదు. దాచుకుని దాచుకుని ఇప్పుడు అడిగింది.

కత్తి దించాను. "తీసుకో తల్లీ" అన్నాను.

"మాలో, మావయ్యా" అంది, కృతజ్ఞతగా. వెంటనే చాప విప్పి మడిచి లుపె చేతికిచ్చి బూట్లు వేసుకుంది. "నా వ్యాను దగ్గర కత్తులు పెట్టకండి."

మే 29

లుపె వంటింట్లోంచి పెద్ద బేకింగు పళ్ళెం తెచ్చింది. పాత సరంజామా అంతా అందులో ఉంది. ఒక్కో మర ఏ రంధ్రానిదో అరటాకు చింపి, దాని మీద బొగ్గుతో రాసి, వరసగా పెట్టింది.

"పారేయమన్నానుగా" అన్నాను.

"నువ్వు పారేయమన్నావు కాబట్టే దాచాను" అంది.

పిసిలా, లుపె కలిసి నవ్వారు. వెనక ఇంట్లోంచి మా అక్క నవ్వు కూడా వినపడింది. నాకు వినపడనట్టే ఉండాలి కాబట్టి వినపడలేదు.

రోజంతా పిసిలాకు పనిముట్లు అందించాను. ముందెప్పుడూ ఎవరికీ అందించలేదు. చిన్న నిప్పుముక్కలాంటి కడ్డీతో తీగను తీగకు అతికిస్తుంది, పైన నల్లటి గొట్టం తొడిగి వేడి చేస్తే అది చర్మంలా బిగుసుకుంటుంది. ఒక తీగ అతికించేటప్పుడు దాని పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నావని అడిగాను. "ప్రార్థన మావయ్యా. ప్రతి తీగకీ చేస్తాను" అంది.

నేను ఎప్పుడూ తీగలకు ప్రార్థన చేయలేదు. నూనె మాత్రం రాశాను.

మే 30

చెప్పాను.

టీ తాగుతున్నాం. "ఆ నూనె నేనే రాశాను" అన్నాను. ప్రతి శనివారం, ఉపవాస ప్రార్థన లాంటి నిష్ఠతో రాశానని చెప్పబోయి, ఆపేశాను. గొప్ప చెప్పుకోవడానికి అందులో ఏమీ లేదు.

"తెలుసు మావయ్యా. అత్తయ్య తలకు రాసుకునే నూనె వాసన నాకు తెలియదా? ఎలుకలకు మాత్రం పండగ చేశావు. వారం వారం వడ్డించావు."

"మొన్నే ఎందుకనలేదు?"

"ఫోలౌ బాబాయి ఉన్నాడు. ఆయనకు తెలిస్తే సాయంత్రం కావా దగ్గర పాటే కట్టేవాడు." టీలో బిస్కెట్టు ముంచుకుంది. "ఇక ఎవరికి చెప్పాలో నువ్వే చూసుకో."

అక్కడితో వదిలేసింది. వదిలేయకపోతే బాగుండేది.

మే 31, శనివారం

ఉదయం పదకొండింటికి ఇంజను మొదలైంది. మొదటి తిప్పుకే. పసుపు దీపం ఒకసారి వెలిగి ఆరిపోయింది. వైసిమా గేటు దగ్గర నిలబడి, "కప్పు మీది పంది ఏది?" అంది.

పిసిలా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పైన్ తోటల మలుపు దాకా తోలింది. గతుకు. మళ్ళీ గతుకు. ఆగలేదు. వెనక్కి తిప్పి ఇంకోసారి అదే గతుకు మీదుగా కావాలనే పోనిచ్చింది.

ఫోలౌ కార్బురేటరు ఇప్పుడు మా తలుపుకు ఆనించి ఉంది, గాలికి కొట్టుకోకుండా. దానికి అదే సరైన పని అని వాడే అన్నాడు. పాపం, నవ్వుతూనే అన్నాడు.

రేపటి ప్రసంగం పదిమంది కన్యకలు కాదు. ఏమిటో ఇంకా తెలియదు. అపొస్తలుల కార్యాలు పద్దెనిమిదో అధ్యాయం మూడుసార్లు తెరిచి మూడుసార్లు మూశాను. ఎన్నేళ్ళుగానో దాన్ని దాటుకుని పంతొమ్మిదికి పోతున్నాను.

జూన్ 1, ఆదివారం

తొమ్మిదిన్నరకు హౌమా గుడి ముందు దిగాం. తోలింది పిసిలా. వెనక ఐదుగురు ఆడవాళ్ళు, ఒక్క పాట కూడా ఆగలేదు. గుడి మెట్ల మీద సంఘం వ్యవహారాలు చూసే హౌమా స్టీవార్డు ఎదురొచ్చి చేయి కలిపి, వ్యాను చుట్టూ ఒకసారి తిరిగి, "పెట్టె తీసేశావా?" అని అడిగాడు. పదిమంది వింటున్నారు. సూపరింటెండెంటు పాస్టరుగారు కూడా వచ్చి ఉన్నారు.

"లోపల చెబుతాను" అన్నాను.

పల్పిటు ఎక్కాను. పద్దెనిమిదో అధ్యాయం చదివాను. అపొల్లో అనే బోధకుడు ఉండేవాడు, మాటకారి, ఆత్మలో మండేవాడు. గొంతెత్తితే సమాజమందిరం కంపించేది. అయితే తనకు తెలిసినది సగమేనని అతనికి తెలియదు. అప్పుడు ప్రిస్కిల్ల, ఆమె భర్త అకుల అతణ్ణి ఇంటికి తీసుకుపోయి, మార్గమేమిటో ఇంకా సరిగ్గా విడమరిచి చెప్పారు. జనంలో కాదు. ఇంట్లో. ఇన్నేళ్ళుగా నేను దాటేసింది ఆ ఒక్క మాటే. అపొల్లో నోరు మూసుకుని విన్నాడు.

మా అక్క కూతురు పేరు కూడా ప్రిస్కిల్లే, మన భాషలో పిసిలా అన్నాను. అది మూడో వరసలో కూర్చుని నేల వంక చూస్తోంది.

తర్వాత నూనె సంగతి చెప్పాను. అంతా చెప్పాను. శనివారాలు, అహరోను గడ్డం, ఎలుకలు, దీపం మీద అతికించిన పటం, అడిగినప్పుడు సముద్రం వంక చూడడం. "బయలు పెట్టెలో లేడు. నా చేతిలో నూనె గిన్నె పట్టుకుని ఉన్నాడు. పెట్టె ఇప్పటికీ ఆ వ్యానులోనే ఉంది. మా ఊరి గుడిలో ఇచ్చిన మాట తప్పాను. పేరు చెరిపేసుకుంటానన్నాను. పెన్ను తెచ్చాను."

అప్పుడు వైసిమా ఆడవాళ్ళ వరసలోంచి, గొంతు తగ్గించుకోకుండా, "వ్యాను నీది కాదు కదా ఇసిలేలీ. అది పిసిలాది. దాని వ్యానులో పెట్టె ఉంటే నీ మొక్కుకేమిటి?" అంది.

ముందు సూపరింటెండెంటు పాస్టరుగారు నవ్వారు. ఆయన నవ్వితే అందరూ నవ్వొచ్చు. నవ్వు తగ్గాక స్టీవార్డు లేచి ఆ పెన్ను నా చేతిలోంచి తీసుకుని తన జేబులో పెట్టుకున్నాడు.

నా జీవితంలో అంత చిన్న ప్రసంగం ఎప్పుడూ చేయలేదు. ఆఖరి పాట మాత్రం నేల అదిరేలా పాడారు.

జూన్ 3, మంగళవారం

పిసిలా పడవెక్కింది. వ్యాను తీసుకుపోతుందేమో అనుకున్నాను. రేవులో తాళం చెవి లుపె చేతిలో పెట్టి, "అత్తయ్యా, ఇది నీ దగ్గరుంచు. నాకు అవసరమైనప్పుడు వస్తాను. అప్పటిదాకా మావయ్య అడిగితే ఇవ్వు, చేతులు వాసన చూసి ఇవ్వు" అంది.

నాతో, "దీపం వెలిగితే ఫోన్ చెయ్యి. దాని మీద దేవుడి బొమ్మ కూడా పెట్టకు" అంది.

జూన్ 16

కొత్త పట్టిక వచ్చింది. హౌమా, జూలై 13. నా పేరు.

జూన్ 21, శనివారం

ఈ పొద్దున దీపం వెలిగింది.

చేయి దానంతటదే బొమ్మ కోసం జేబులోకి పోయింది. తీసేశాను. ఫోన్ చేశాను.

"ఏం రాశావు మావయ్యా దానికి?"

"ఏమీ రాయలేదు" అన్నాను.

నిజంగానే రాయలేదు. అయినా లుపె వచ్చి నా చేతులు వాసన చూసింది.